తేడా తొమ్మిదితో పోతోందా?

ఏడెనిమిదులు యాభై నాలుగు అని నేను బోర్డు మీద రాశాను. ఎదురుగా కూర్చున్న ఎనిమిది మంది పిల్లలూ తమ నోటు పుస్తకాల్లో 54 అనే దించుకున్నారు. ఒక్కరూ తలెత్తలేదు. లెక్క చివరికి వచ్చాక జవాబు పుస్తకం వెనక ఇచ్చినదానితో కలవలేదు. "పుస్తకంలోనే తప్పు పడినట్టుంది అక్కా" అన్నాడు ముందు వరస అబ్బాయి, పాపం నా మీద నమ్మకంతో.

అప్పటికి నేను వాళ్లకు చెప్పడం మొదలుపెట్టి మూడు వారాలు. డిగ్రీ పూర్తయిన కొత్త. వాళ్లకూ నాకూ ఏడెనిమిదేళ్లే తేడా కాబట్టి టీచర్ అని పిలవడానికి వాళ్లకు నోరు తిరగలేదు, అక్కా అనే అలవాటైపోయింది. సాయంత్రం బడి వదిలాక రెండు గంటలు. మొదటి గంట లెక్కలు, రెండో గంట బిజినెస్ స్టడీస్, అకౌంట్స్. అందరూ హైస్కూలు పై తరగతుల వాళ్లే. నల్లరంగు అక్కడక్కడా లేచిపోయిన ఒక బోర్డు ఉండేది. ఆ లేచిపోయిన చోట దశాంశ బిందువు పెడితే కనిపించేది కాదు. దానివల్ల ఎన్ని లెక్కలు చెడ్డాయో నాకే తెలుసు.

ఆ 54 రోజున నేను గంటలో పద్నాలుగు లెక్కలు చేసి, బాగా చెప్పానని మురిసిపోతూ ఉన్నాను. పిల్లలు వినడం లేదని, దించుకుంటున్నారని అప్పుడు అర్థమైంది. చేతులు నా వెంట పరుగెడుతున్నాయి, బుర్రలు ఎక్కడో ఉన్నాయి. ఒకరిద్దరికి ఏడెనిమిదులు యాభై ఆరు అని తోచే ఉంటుంది. కానీ అక్క రాసింది కదా! తప్పు తమదే అయి ఉంటుందనుకున్నారు. లెక్కలంటే భయం అని అందరూ అంటారు గానీ, అంకెలను చూసి భయపడిన పిల్లలు నాకు పెద్దగా తగల్లేదు. నలుగురిలో తప్పు చెబితే ఏమవుతుందోనన్నదే వాళ్ల టెన్షన్ అంతా.

మర్నాటి నుంచి రోజుకో తప్పు కావాలనే చేయడం మొదలుపెట్టాను. ముందే చెప్పేదాన్ని: "ఇవాళ బోర్డు మీద ఎక్కడో ఒక తప్పుంది, పట్టుకోండి." అంతవరకు నిద్రమొహాలతో ఉన్నవాళ్లు ఒక్కసారి దొంగను వెతుకుతున్నట్టు నిక్కబొడుచుకుని కూర్చునేవాళ్లు. ఈ పద్ధతిలో నాకో ఇబ్బంది ఉండేది. కొన్ని రోజులు నేను పెట్టింది ఒకటే అయితే, "రెండు దొరికాయక్కా" అనేవాళ్లు. రెండోది కూడా కావాలనే పెట్టానని ఒకటి రెండుసార్లు బుకాయించాను. నమ్మలేదు.

ఆ ఎనిమిది మందిలో ఒక పొడుగాటి అబ్బాయి ఉండేవాడు. −3 − 5 ఎంత అంటే ప్లస్ ఎనిమిది అనేవాడు. మైనస్ మైనస్ ప్లస్ కదా అని ధీమా. ఆ సూత్రం గుణకారానికి, ఇక్కడ పనికిరాదు అని ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అదే. విసిగిపోయి ఒకరోజు అడిగాను: "వీటిని రుణ సంఖ్యలు అంటాం కదా, రుణం అంటే ఏమిట్రా?"

తెల్లమొహం వేశాడు. కిందటి రోజే రుణదాత, రుణగ్రస్తుడు అని అకౌంట్స్‌లో గడగడా చదివినవాడే. ఈ రుణమూ ఆ రుణమూ ఒకటేనని వాడికి ఎప్పుడూ తట్టలేదు. నాకు మాత్రం ఎవరు చెప్పారు గనక!

"మూడు అప్పుంది. ఇంకో అయిదు అప్పు చేశావు. ఇప్పుడు నీ పరిస్థితేంటి?"

"ఎనిమిది అప్పు" అన్నాడు. కాసేపాగి, "ఇంతేనా?" అన్నాడు, ఇన్నేళ్లు ఎవరో తనను మోసం చేసినట్టు.

ఇది నా తెలివేం కాదు. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు ఈ సంఖ్యలకు కూడికలు, తీసివేతలు, గుణకారాలు ఎలా చేయాలో చెప్పినప్పుడు వాడిన మాటలే ధనం, రుణం. ధనమూ ధనమూ కలిస్తే ధనం, రుణమూ రుణమూ కలిస్తే రుణం. ఐరోపా గణితవేత్తలు చాలామంది ఆ తర్వాత ఎన్నో శతాబ్దాల వరకు సున్నా కంటే తక్కువ సంఖ్య ఉంటుందంటే ఒప్పుకోలేకపోయారు. మనకు ఆ పేర్లు పుస్తకాల్లో అలాగే మిగిలాయి, వాటి అర్థమే జారిపోయింది.

పొడుగబ్బాయి అక్కడితో వదల్లేదు. "మరి అప్పును అప్పుతో గుణిస్తే లాభం ఎలా వస్తుందక్కా?" అన్నాడు. నాకు చెమటలు పట్టాయి. రేపు చెబుతానన్నాను. ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాక తట్టింది. అయిదేసి చొప్పున నీకున్న అప్పుల్లో మూడింటిని కొట్టేశారు అనుకో. కొట్టేయడం ఒక మైనస్, అప్పు ఇంకో మైనస్. నీ చేతిలో పైసా కొత్తగా పడకపోయినా పదిహేను మేలు జరిగినట్టే. మర్నాడు చెబితే వాడు ఒప్పుకున్నాడు గానీ, ముందు రోజు నేను నీళ్లు నమిలిన సంగతి మాత్రం తోటివాళ్లకు బాగా ప్రచారం చేశాడు.

శాతాల దగ్గర జరిగిన గొడవ ఇంకోటి. ఒక వస్తువు ధర వంద. ఇరవై శాతం తగ్గించి, మళ్లీ ఇరవై శాతం పెంచితే ఎంత? అందరూ వందే అన్నారు. చేసి చూస్తే తొంభై ఆరు. ఆ నాలుగు ఎటు పోయిందని అరగంట వాదులాడుకున్నారు. తగ్గించిన ఇరవై శాతం వంద మీద, పెంచిన ఇరవై శాతం ఎనభై మీద. దాన్నే అకౌంట్స్ గంటలోకి తీసుకెళ్లాను. ఎనభైకి కొని వందకు అమ్మితే లాభం ఇరవై. కొన్న ధర మీద లెక్కేస్తే అది ఇరవై అయిదు శాతం, అమ్మిన ధర మీద ఇరవై శాతం. రెండూ నిజమే. ప్రశ్నలో దేనిమీద అడిగాడో చూడకుండా లెక్క మొదలుపెట్టినవాడి పని అంతే.

అప్పటి నుంచి బోర్డు మూల "దేనిమీద?" అన్న ఒక్క మాట రాసి పెట్టాను. బోర్డంతా తుడిచినా దాన్ని తుడవకూడదని నియమం. నెలలు గడిచేసరికి అది సుద్దముక్క రాత అన్న సంగతే మరిచిపోయాం. నేను చెప్పిన పాఠాల్లో ఒక్కటే ఉంచుకోమంటే ఆ మాటే ఉంచుకుంటాను.

లెక్కలు బాగా వచ్చే అబ్బాయి ఒకడుండేవాడు. వాడి బాధ వేరే. బిజినెస్ స్టడీస్‌లో ప్రణాళిక ప్రాముఖ్యాన్ని వివరించండి, ఆరు మార్కులు అంటే వాడు రాసిన జవాబు: "ప్లానింగ్ లేకపోతే పని జరగదు." చుక్క పెట్టేశాడు. ఇంకా రాయరా అంటే, "అది నిజమే కదక్కా, ఇంకేం రాయాలి?" అని నన్నే అడిగాడు. మిగతావాళ్లేమో దానికి పూర్తిగా ఎదురు, రెండు పేజీలు నింపేవాళ్లు, అందులో చెప్పిందే నాలుగుసార్లు.

"లెక్కలో జవాబు ఒక్కటే రాస్తే మార్కులిస్తారా?" అన్నాను.

"ఇవ్వరు. స్టెప్పులుండాలి."

"ఇక్కడా అంతే. ఒక పాయింటు, అది ఎందుకు నిజమో ఒక మాట, ఒక ఉదాహరణ. అలా మూడో నాలుగో."

"అంటే ఇది కూడా నిరూపణేనా?" అన్నాడు. ఆ మాట నాకు తట్టనందుకు కొంచెం అసూయగా అనిపించింది. తర్వాత వాడి జవాబులు మరీ నిరూపణల్లాగే తయారయ్యాయి. చివర "కాబట్టి నిరూపించబడినది" అని రాసేవాడు. ఎంత చెప్పినా మానలేదు.

బట్టీ గురించి చెప్పాలంటే ఫేయోల్ గురించి చెప్పాలి. ఫ్రాన్సులో గనుల ఇంజినీరుగా మొదలై కంపెనీ నడిపిన హెన్రీ ఫేయోల్ 1916లో నిర్వహణకు పద్నాలుగు సూత్రాలు చెప్పాడు. ఆయన తన అనుభవంలో చూసినవి రాసుకున్నాడు, పిల్లలకేమో అవి పద్నాలుగు శిక్షలు. యూనిటీ ఆఫ్ కమాండ్ (ఒకరికి ఆజ్ఞలిచ్చేది ఒక్కరే కావాలి), యూనిటీ ఆఫ్ డైరెక్షన్ (ఒకే లక్ష్యమున్న పనులన్నీ ఒకే ప్రణాళికతో నడవాలి) అనే రెండింటినీ కలగలిపేయనివాళ్లు లేరు. ఒకరోజు వెనక వరస అమ్మాయిని బోర్డు తుడవమన్నాను. ఆమె డస్టరు తీసుకోగానే, ముందే చెప్పి ఉంచిన ఇంకో అబ్బాయి "తుడవొద్దు" అన్నాడు. తుడువు అని నేను, వద్దని వాడు. ఆ పిల్ల డస్టరు పట్టుకుని అటూ ఇటూ చూస్తూ నిలబడిపోయింది. "ఇప్పుడు నీ కష్టమేంటో రాయి, అది రాకుండా చూసేదే యూనిటీ ఆఫ్ కమాండ్" అన్నాను. రెండోదానికి, ఒకే గ్రాఫును నాలుగు ముక్కలు చేసి నలుగురికి ఇచ్చాను, స్కేలు మాత్రం చెప్పలేదు. నలుగురూ నాలుగు స్కేళ్లతో గీశారు. పక్కపక్కన పెడితే ఏ గీతా ఏ గీతతోనూ కలవలేదు. మిగతా పన్నెండు సూత్రాలకు నాకు నాటకాలు దొరకలేదు. అవి బట్టీయే పట్టారు.

గ్రాఫు అంటే గుర్తొచ్చింది. రెండు చరరాశుల సమీకరణాలు ఎందుకక్కా, ఏం ఉపయోగం అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. అడగాలి కూడా. ఆ ఏడు అడిగినవాడికి ఒక వ్యాపారం ఇచ్చాను. సరుకు తయారైనా కాకపోయినా పెట్టాల్సిన ఖర్చు 6,000. ఒక్కో వస్తువుకు అయ్యే ఖర్చు 20, అమ్మే ధర 50. ఖర్చుకో గీత, రాబడికో గీత గీయమన్నాను. రాబడి గీత సున్నా దగ్గర మొదలై నిటారుగా లేస్తుంది, ఖర్చు గీత పైనుంచి మొదలై మెల్లగా ఎక్కుతుంది. రెండూ 200 దగ్గర కలిశాయి. అది బ్రేక్ ఈవెన్, లాభమూ నష్టమూ లేని చోటు. వాడు ఆ చుక్క మీద వేలు పెట్టి, "ఇక్కడిదాకా మనం ఊరికే పనిచేసినట్టా?" అన్నాడు. వాడి వేలు కింద ఉన్నది లెక్కల గంటలో "సాధన" అని పేరు పెట్టుకున్న చుక్కే. ఆ తర్వాత 50ని 45 చేస్తే ఏమవుతుంది, 40 చేస్తే ఏమవుతుంది అని వాడే గీసుకుంటూ పోయాడు. నలభైకి అమ్మితే 300 దాకా వెళ్లాలి అని తేలేసరికి పెద్ద మనిషిలా నిట్టూర్చాడు.

తరుగుదల పాఠం రోజు మాత్రం ప్రశ్న నన్నే ఇరుకున పెట్టింది. యంత్రం విలువ 10,000. ఏటా మిగిలిన విలువ మీద పది శాతం తగ్గించాలి. 9,000, 8,100, 7,290, 6,561... గుణశ్రేఢి. "ఇలా ఎన్నేళ్లు తగ్గించినా సున్నా కాదు కదా, అయితే ఆ యంత్రం ఎప్పటికీ చావదా అక్కా?" అని ఒక అమ్మాయి అడిగింది. చావదు, పుస్తకాల్లో మాత్రం. పదేళ్ల తర్వాత కూడా సుమారు 3,487 మిగిలే ఉంటుంది. యంత్రం పాతసామానుకు పోయినా పద్దు బతికే ఉంటుంది, ఎవరో దాన్ని అమ్మి ఖాతా మూసేదాకా.

అదే అమ్మాయి చక్రవడ్డీ పాఠంలో ఇంకోటి అడిగింది. వడ్డీ ఏడాదికి కాకుండా ఆరు నెలలకు లెక్కకట్టి అసలులో కలిపితే ఎక్కువ వస్తుంది, నెలకు కడితే ఇంకా ఎక్కువ. మరి క్షణానికోసారి కడితే అంతులేకుండా వస్తుందా? ఒకటి అసలు, ఏడాదికి నూరు శాతం వడ్డీ అనుకుని కాలిక్యులేటరు పట్టుకున్నాం. ఏడాదికోసారి అయితే 2. ఆరు నెలలకు 2.25. మూడు నెలలకు 2.44. నెలనెలా అయితే 2.61. రోజూ అయితే 2.71. పిల్లల ఉత్సాహం చల్లబడింది, పెరగడం లేదే! 2.718 దాటి కొద్దిగా వెళ్లి అక్కడే ఆగిపోతుంది. 1683లో జాకబ్ బెర్నూలీ సరిగ్గా ఈ వడ్డీ లెక్కే వేస్తూ ఈ సంఖ్య దగ్గరకు వచ్చాడని నేను తర్వాత చదివాను. ఆ పాపకు అదంతా పట్టలేదు. "అంటే అప్పులిచ్చేవాళ్ల ఆశకు కూడా ఒక హద్దుందన్నమాట" అంది. ఉంది, వడ్డీ రేటు పెంచనంతవరకూ.

ఇక అసలు సంగతికి వస్తాను. నాకు బాగా గుర్తున్న సాయంత్రం అది.

మూలన కూర్చునే ఒక నెమ్మది అమ్మాయి ఉండేది. నెలంతా కలిపి పది మాటలు మాట్లాడేది కాదు. చిట్టాలో, అంటే రోజువారీ పుస్తకంలో పద్దులు రాయడం, ఆవర్జాలోకి, అంటే ఖాతాల పుస్తకంలోకి ఎత్తడం ముత్యాల్లాంటి అక్షరాలతో చేసేది. ఆ రోజు అందరికంటే ముందే వచ్చి, అంకణా (ఖాతాలన్నిటినీ రెండు వైపులా వేసి సరిచూసే పట్టీ, ట్రయల్ బ్యాలెన్స్) తీసి నా ముందు పెట్టింది. డెబిట్, క్రెడిట్ రెండు వైపులా కలవలేదు. తేడా 540. రాత్రంతా వెతికిందట. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "పేజీలన్నీ చింపేసి మళ్లీ మొదటి నుంచి వేస్తానక్కా" అంది.

వద్దన్నాను. "540 తొమ్మిదితో పోతుందా చూడు."

"పోతుంది. అరవై సార్లు."

"అయితే ఎక్కడో పక్కపక్క అంకెలు తారుమారయ్యాయి. 540లో తొంభైలు ఆరు. అంటే వందల అంకె, పదుల అంకె అటూ ఇటూ అయ్యాయి, వాటి మధ్య తేడా ఆరు. ఎనిమిదీ రెండూ, ఏడూ ఒకటీ, తొమ్మిదీ మూడూ, ఆరూ సున్నా. అలాంటివి మాత్రమే చూడు."

ఆమె వేలితో ఖాతాల వరస మీదుగా దిగుతూ వెళ్లి అద్దె దగ్గర ఆగింది. చిట్టాలో 1,820. అంకణాలో 1,280.

అరవలేదు, ఎగరలేదు. వేలు అక్కడే ఉంచి నా వైపు చూసింది. "ఎలా తెలిసింది?" అనే మాట కూడా గట్టిగా అనలేదు. ఈలోగా మిగతావాళ్లు వచ్చి చుట్టూ మూగారు. సరే, ఆ రోజు లెక్కల గంటకు అదే పాఠం. ఎక్స్, వై వద్దు, క, గ అనుకుందాం అన్నాను. రెండంకెల సంఖ్య 10క + గ. తిప్పి రాస్తే 10గ + క. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే 9క − 9గ. అంకెలు ఏవైనా సరే, తేడా తొమ్మిదో ఎక్కంలోనే పడుతుంది. వందల స్థానంలో జరిగితే తొంభైలు, వేల స్థానంలో అయితే తొమ్మిది వందలు. నెమ్మది అమ్మాయి తన సొంతంగా మూడు నాలుగు సంఖ్యలు తిప్పి రాసి చూసుకుంది. తర్వాత మొదటిసారి అందరిలో నోరు విప్పింది: "అంటే తప్పు ఎక్కడ చేశామో తప్పే చెబుతుందా?"

కొన్ని తప్పులు చెబుతాయి. డెబిట్‌లో వేయాల్సింది క్రెడిట్‌లో వేస్తే తేడా రెండింతలవుతుంది, కాబట్టి తేడా 700 ఉంటే 350 ఎక్కడుందో వెతకాలి. కొన్ని అసలు చెప్పవు. కుర్చీలు కొన్నది సరుకు కొన్నట్టు రాస్తే రెండు వైపులా చక్కగా కలుస్తాయి, లాభం మాత్రం తప్పుగా వస్తుంది. ప్రతి లావాదేవీనీ డెబిట్‌లో ఒకసారి, క్రెడిట్‌లో ఒకసారి రాసే ఈ జంటపద్దు పద్ధతిని 1494లో వెనిస్‌లో అచ్చు వేయించిన లూకా పచోలీ గణితం చెప్పే సన్యాసి. అది ఆయన కనిపెట్టింది కాదు, వెనిస్ వర్తకులు అప్పటికే వాడుతున్నదాన్ని తన గణిత గ్రంథంలో ఒక భాగంగా రాశాడు. లెక్కలూ పద్దులూ ఒకే పుస్తకంలో ఉండేవన్నమాట. నాకు ఆ సంగతి చెబుతుంటే భలే ఇష్టంగా ఉండేది, ఎందుకంటే పిల్లలు రెండు గంటలకు రెండు వేర్వేరు నోటు పుస్తకాలు తెచ్చేవాళ్లు. ఒకదాంట్లో వచ్చినది ఇంకోదాంట్లో అడిగితే "అది లెక్కల్లోది కదా" అనేవాళ్లు. ఆ 540 తర్వాత ఒకరిద్దరు ఒకే లావుపాటి పుస్తకం తేవడం మొదలుపెట్టారు. నెమ్మది అమ్మాయి మాత్రం చివరిదాకా రెండు తెచ్చేది. ఆమెకు అన్నీ విడివిడిగా, శుభ్రంగా ఉండాలి.

పరీక్షలు అయిపోయాయి. ఆరుగురికి బాగా వచ్చాయి, ఒకడికి పాసు మార్కులు. నేను చెప్పినా లెక్కల్లో తప్పిన అమ్మాయి ఒకరుంది. ఆమె ఆ తర్వాత రాలేదు, నేనూ వెళ్లి పలకరించలేదు. అది ఇప్పటికీ నాకు గుచ్చుకుంటూనే ఉంటుంది. నాకు వేరే ఉద్యోగం వచ్చింది, ఆ గది, ఆ బోర్డు వదిలేశాను. "దేనిమీద?" తుడిచానో లేదో గుర్తులేదు.

చాలా ఏళ్ల తర్వాత ఒక రాత్రి ఫోను. గొంతు గుర్తుపట్టలేదు. నెమ్మది అమ్మాయి. ఇప్పుడు నలుగురి ఖాతాలు సరిచూసే పనిలో ఉందట, మాట కూడా గట్టిగానే వస్తోంది.

"అక్కా, ఇవాళ తేడా 4,050 వచ్చింది. తొమ్మిదితో పోతోంది. మీరు చెప్పినట్టే తారుమారైన అంకెల కోసం గంటసేపు వెతికాను. దొరకలేదు."

నేను కాగితం అందుకున్నాను. 4,050లో తొంభైలు నలభై అయిదు. రెండు అంకెల మధ్య నలభై అయిదు తేడా ఎలా ఉంటుంది?

"ఉండదు కదా" అంది, నేను పైకి అననే లేదు. "తర్వాత తొమ్మిదితో భాగించి చూశాను. 450. ఆ 450 ఖాతాలో అలాగే కూర్చుని ఉందక్కా. 4,500 రాయాల్సింది, సున్నా జారిపోయింది. పది రెట్లలోంచి ఒక రెట్టు తీస్తే తొమ్మిది రెట్లే కదా. భాగిస్తే తప్పుడు అంకె అదే బయటికొస్తుంది." కొంచెం ఆగి, "ఇది మీరు మాకు చెప్పలేదు" అంది.

"చెప్పలేదు" అన్నాను. "ఇప్పటిదాకా నాకూ తెలీదు."

అటు వైపు నవ్వు వినిపించింది. "రెండో తప్పు దొరికిందక్కా" అంది.